చార్లీ వాట్స్ నిజంగా అంత గొప్ప డ్రమ్మరా?

గోదారిగట్టు
రాక్ డ్రమ్మర్ల మీద ఎవరు ఏ లిస్టు వేసినా పై వరసలో చార్లీ వాట్స్ పేరు ఉంటుంది. ఎందుకో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. కాలేజీ రోజుల నుంచీ నేను లెడ్ జెపెలిన్ డ్రమ్మర్ జాన్ బోనమ్, ది హూ డ్రమ్మర్ కీత్ మూన్ వినే మనిషిని. బేస్ డ్రమ్ మీద బోనమ్ ఒక్క కాలితో చేసే పని వింటే బుర్ర తిరుగుతుంది. మూన్ అయితే కిట్ (డ్రమ్ముల సెట్) మొత్తం మీద పడి వాయించేస్తాడు, మిగతావాళ్ళు ఆయన వెంట పరిగెత్తాల్సిందే. మరి చార్లీ? 1963 నుంచి 2021 దాకా ఒకటే బ్యాండు, రోలింగ్ స్టోన్స్. సోలోలు లేవు. నోరు తెరుచుకుని వినే ఫిల్లులు (పాట మధ్య ఖాళీల్లో వేసే విరుపులు) లేవు. వెనక కూర్చుని, ఆఫీసులో ఫైళ్ళు చూసే హెడ్ క్లర్క్ మొహంతో టక్ టక్ మని కొట్టుకుంటూ పోతాడు.

వెటకారం కాదు, సీరియస్‌గానే అడుగుతున్నా. రోలింగ్ స్టోన్స్ కాకుండా వేరే బ్యాండులో ఉండుంటే ఈయన పేరు ఎవరైనా తలుచుకునేవాళ్ళా?

తిక్కశంకర్
వచ్చాడండీ బోనమ్ భక్తుడు. నేను పాప్‌కార్న్ తెచ్చుకుని కూర్చుంటా.

రిమ్‌షాట్ రవి
నేను ఈవెంట్లలోనూ చర్చిలోనూ డ్రమ్స్ వాయిస్తాను, కాబట్టి చేతుల సంగతి వరకు చెప్తా.

మామూలు రాక్ బీట్ తీసుకోండి. కుడి చెయ్యి హై-హ్యాట్ (జంట ఇత్తడి తాళాలు) మీద ఎనిమిది దెబ్బలు వేస్తుంది. ఎడమ చెయ్యి స్నేర్ (ముందుండే చిన్న డ్రమ్) మీద రెండో లెక్కకీ, నాలుగో లెక్కకీ పడుతుంది. ఎవరికైనా మొదటి వారంలో నేర్పేది ఇదే. అంటే స్నేర్ పడే చోట రెండు చేతులూ కలిసి పడతాయి. చార్లీ సరిగ్గా అక్కడ కుడి చెయ్యి ఎత్తేస్తాడు. ఎనిమిదిలో మూడోదీ, ఏడోదీ హై-హ్యాట్ మీద పడవు. ఏ వీడియో అయినా పెట్టి ఆయన కుడి చెయ్యి మాత్రమే చూడండి, స్నేర్ దెబ్బ పడినప్పుడల్లా అది గాల్లో ఉంటుంది.

దాంతో స్నేర్ ఒక్కటే విడిగా వినిపిస్తుంది, పక్కన ఇత్తడి చప్పుడు అంటుకోదు. అది అందరూ చెప్పేదే. నాకు ముఖ్యం అనిపించేది ఇంకోటి. కుడి చెయ్యి ఆగి మళ్ళీ అందుకుంటోంది కదా, అందువల్ల బీట్ సాఫీగా పోకుండా కొంచెం ఊగుతుంది. డ్రమ్ మెషీన్‌లో ఆ రెండు దెబ్బలూ తీసేసి చూశా. ఖాళీ వచ్చింది గానీ ఆ ఊపు రాలేదు.

ఇంకా ఆయన ఎడమ చేతి పట్టు చూడండి. అరచెయ్యి పైకి పెట్టి వేళ్ళ మధ్య కర్ర పట్టుకునే పాత జాజ్ పట్టు. స్టేడియంలో రాక్ వాయించేవాళ్ళు చాలామంది దాన్ని ఎప్పుడో వదిలేశారు.

గోదారిగట్టు
రవి గారూ, వివరం బాగుంది. కానీ కొట్టకపోవడం కూడా గొప్పేనా? ఆ లెక్కన నేను అసలు డ్రమ్సే వాయించను, ఆయన కంటే నేనే గొప్ప.

మూర్తి (మృదంగం)
గోదారిగట్టు గారూ, మన కచేరీలకి వచ్చేవాళ్ళలో కూడా మీలాంటి వారున్నారు. తని ఆవర్తనం (మృదంగం ఒంటరిగా వాయించే భాగం) దాకా బయట కాఫీ తాగి, అప్పుడు లోపలికొచ్చి మృదంగాన్ని కొలుస్తారు. తని కాసేపే. మిగతా కచేరీ అంతా ఆయన పాటకి వాయిస్తాడు. పాట ఎక్కడ నిలబడాలనుకుంటోందో అక్కడ నిలబెట్టడం, సాహిత్యం పలికేచోట చేతులు దించుకోవడం, అదీ పక్కవాద్యం. రాక్ నేను పెద్దగా వినలేదు. మా అబ్బాయి వల్ల స్టోన్స్ కొన్ని విన్నాను. ఈయనకి పక్కవాద్యం తెలుసు.

ఒక సందేహం. ఆ బ్యాండులో కాలప్రమాణం పట్టుకునేది ఎవరు? డ్రమ్ముల కంటే గిటార్ ముందు వెళుతున్నట్టు అనిపిస్తుంది నాకు.

నల్లరికార్డు
మూర్తి గారూ, సరిగ్గా పట్టుకున్నారు. స్టోన్స్‌లో 1993 దాకా బేస్ గిటార్ వాయించిన బిల్ వైమన్ ఇదే చెప్పేవాడు. మామూలుగా బ్యాండు మొత్తం డ్రమ్మర్ వెంట నడుస్తుంది. స్టోన్స్‌లో మాత్రం డ్రమ్మర్ కీత్ రిచర్డ్స్ గిటార్ వెంట నడుస్తాడు. కీత్ మొదలెడతాడు, చార్లీ వెంట్రుకవాసి వెనక పడతాడు, వైమన్ కొంచెం ముందుకి తోస్తుంటాడు. ముగ్గురూ ఒకే చోట పడరు. విడిపోతారేమో అనిపిస్తుంది, విడిపోరు. ఆ బ్యాండు చప్పుడంతా అందులోనే ఉంది. చార్లీ గట్టిగా తాళం వేసి అందర్నీ ఒక గీత మీద నడిపించే రకం అయ్యుంటే కీత్ గిటార్ ఊపిరాడక చచ్చిపోయేది.

తిక్కశంకర్
అంటే ఎవడి టైంకి వాడొస్తే అది గ్రూవ్. మా ఆఫీసు మొత్తం గ్రూవే.

పద్మజ_టెక్సస్
😀 శంకర్ గారు మారరు.

2019 జులైలో హ్యూస్టన్‌లో స్టోన్స్ షో చూశాను. అప్పటికి చార్లీకి 78. పెద్ద తెరల మీద ఆయన్ని చూపించినప్పుడల్లా నేను గమనించింది ఒకటే: భుజాలు కదలవు. ముందు సింగర్ మిక్ జాగర్ ఆ చివర్నుంచి ఈ చివరికి పరుగులు పెడుతున్నాడు, వెనక ఈయన టీ షర్టు వేసుకుని కుదురుగా కూర్చున్నాడు. కిట్ కూడా చిన్నది. ఆ స్టేజీ మీద అంత చిన్న కిట్ ఏంటని మా వారు అడిగారు. అది 1957 నాటి గ్రెచ్ కంపెనీ కిట్ అట, తర్వాత చదివాను. ఆయన అసలు జాజ్ మనిషి అంటారు కదా, ఆ కథ తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్పండి.

నల్లరికార్డు
పద్మజ గారు అడిగారు కాబట్టి కొంచెం పొడుగు రాస్తున్నా, ఓపిక చేసుకోండి.

పుట్టింది 1941 జూన్ 2, లండన్‌లో. నాన్న రైల్వే కంపెనీ లారీ డ్రైవర్. యుద్ధంలో ఇళ్ళు కూలిపోయాక ప్రభుత్వం కట్టించిన ప్రీఫ్యాబ్ ఇళ్ళలో, వెంబ్లీలో పెరిగాడు. పక్కింటి కుర్రాడు డేవ్ గ్రీన్. ఇద్దరూ కలిసి జెల్లీ రోల్ మోర్టన్, చార్లీ పార్కర్ల జాజ్ రికార్డులు వింటూ పెరిగారు. ఆ పక్కింటి కుర్రాడే పెద్దయ్యాక ఇంగ్లండులో పేరున్న జాజ్ బేసిస్టు అయ్యాడు, చార్లీ జాజ్ బ్యాండుల్లో చివరి దాకా ఆయనే వాయించాడు. ఇలాంటి స్నేహాలు రాక్ చరిత్రలో ఎన్ని ఉంటాయో నాకైతే తెలీదు.

డ్రమ్స్ దగ్గరికి ఎలా వచ్చాడంటే, పద్నాలుగేళ్ళప్పుడు ఒక బాంజో (గిటార్ లాంటి తీగల వాయిద్యం) కొన్నాడు. మెడ మీద చుక్కలు నచ్చలేదు, వేళ్ళు కుదరలేదు. అదే సమయంలో జెరీ మలిగన్ రికార్డులో డ్రమ్మర్ చికో హామిల్టన్ బ్రష్‌లతో (కర్రల బదులు తీగల కుచ్చులు) వాయించింది విన్నాడు. బాంజో మెడ ఊడబీకి, మిగిలిన గుండ్రటి భాగాన్ని స్టాండు మీద పెట్టి, దాని మీద బ్రష్‌లతో మొదలెట్టాడు. అదీ ఆయన మొదటి స్నేర్. మొదట విన్నది కొట్టే డ్రమ్మర్‌ని కాదు, గీకే డ్రమ్మర్‌ని. గోదారిగట్టు గారు అడిగే 'ఎందుకు గట్టిగా కొట్టడు' అన్నదానికి సగం జవాబు ఇక్కడే ఉంది. 1955లో అమ్మానాన్నా ఒక కిట్ కొనిచ్చారు.

హారో ఆర్ట్ స్కూల్లో చదివి, అడ్వర్టయిజింగ్ కంపెనీలో గ్రాఫిక్ డిజైనర్‌గా చేరాడు. అప్పుడే చార్లీ పార్కర్ జీవితాన్ని పిల్లల బొమ్మల పుస్తకంలా గీశాడు, పార్కర్ అందులో ఒక పక్షి. స్టోన్స్‌కి పేరొచ్చాక 1964లో అది అచ్చయింది. 1961-62 మధ్య అలెక్సిస్ కోర్నర్ నడిపిన బ్లూస్ ఇన్‌కార్పొరేటెడ్‌లో చేరాడు. ఇంగ్లండ్ బ్లూస్ కుర్రాళ్ళందరూ ఆ గుమ్మం తొక్కినవాళ్ళే. అక్కడ తన కుర్చీ వదులుకుని ఎవరికి ఇచ్చాడో తెలుసా? తర్వాత క్రీమ్ బ్యాండుతో పేరు తెచ్చుకున్న డ్రమ్మర్ జింజర్ బేకర్‌కి!

స్టోన్స్ అప్పటికి చేతిలో పైసా లేని కుర్రాళ్ళు. చార్లీకి ఉద్యోగం ఉంది, ఊరికే రాడు. ఆయనకి డబ్బులివ్వడం కోసం తిండి కూడా తగ్గించుకున్నామని కీత్ తన ఆత్మకథలో రాశాడు. 1963 జనవరిలో చేరాడు. ఇది మూడు నెలలు నడుస్తుందేమో అనుకున్నాడట.

బ్లూస్ ఆయనకి కొత్త. కీత్, ఇంకో గిటారిస్టు బ్రయన్ జోన్స్ తమ గదిలో కూర్చోబెట్టి బ్లూస్ గాయకుడు జిమీ రీడ్ రికార్డులు మళ్ళీ మళ్ళీ వినిపించారు. ఆ రికార్డుల వెనకున్న షికాగో డ్రమ్మర్లు ఎర్ల్ ఫిలిప్స్, ఫ్రెడ్ బిలో ఆయనకి అలా పరిచయమయ్యారు. వాళ్ళు కూడా జాజ్ తెలిసి బ్లూస్‌లోకి వచ్చినవాళ్ళే. చార్లీకి అక్కడ లింకు దొరికింది.

బెంజిసర్కిల్
బాంజో సంగతి అదిరింది. ఇంట్లో వీణ మీద ఎవరూ ప్రయత్నించకండి.

గోదారిగట్టు
కథ బాగుంది నల్లరికార్డు గారూ, కానీ కథ వేరు, వాయిద్యం వేరు. నా దగ్గర ఒక పాయింట్ ఉంది. 'యూ కాంట్ ఆల్వేజ్ గెట్ వాట్ యూ వాంట్' రికార్డులో డ్రమ్స్ వాయించింది చార్లీ కాదు, ప్రొడ్యూసర్ జిమీ మిల్లర్. ఆ నడక చార్లీకి పట్టు దొరక్కపోతే మిల్లర్ కూర్చుని వాయించేశాడు. 1972లో వచ్చిన 'హ్యాపీ'లో కూడా మిల్లరే. సొంత బ్యాండు పాటల్లోనే వేరేవాడు వాయించాల్సి వస్తే ఏమనుకోవాలి?

రిమ్‌షాట్ రవి
మంచి పాయింటే. నేను దాన్ని వేరేగా చూస్తా. మిల్లర్ తనే డ్రమ్మర్, ఎలా ఉండాలో వాయించి చూపించాడు. చార్లీ 'నువ్వే వాయించు' అని పక్కకి తప్పుకున్నాడు. తర్వాత లైవ్‌లో ఏళ్ళ తరబడి ఆ పాట తనే వాయించాడు. పాట బాగుంటే చాలు, ఎవరి చేతులన్నది తర్వాత అనుకునే డ్రమ్మర్లు నాకు చాలా తక్కువమంది తెలుసు. నేనైతే అలిగి ఇంటికెళ్ళిపోయేవాణ్ణి.

'హాంకీ టాంక్ విమెన్' (1969) మొదట్లో ఆ కౌబెల్ (కర్రతో కొట్టే ఇనప గంట) కూడా మిల్లర్‌దే. కౌబెల్ ఒక లెక్కలో వస్తుంది, చార్లీ దానికి కొంచెం పక్కగా దిగుతాడు. జాగ్రత్తగా వింటే ఇద్దరూ ఒకే పాటలో ఉన్నారా అనిపిస్తుంది. పైగా మొదట్లో కంటే చివర్లో పాట వేగంగా ఉంటుంది. ఇప్పటి స్టూడియోలో అయితే ఇంజనీరు కంప్యూటర్లో దాన్ని సమాన లెక్కల గ్రిడ్ మీదకి లాగి 'సరిచేసేవాడు'. పాట అక్కడితో చచ్చేది.

మూర్తి (మృదంగం)
వేగం పెరగడం మా దగ్గర తప్పే, రవి గారూ. గురువుగారు వేలి మీద కొట్టేవారు. దాన్ని ఒప్పుకోలేను.

రిమ్‌షాట్ రవి
మూర్తి గారూ, మీ గురువుగారు స్టోన్స్ రిహార్సల్‌కి వెళ్ళుంటే కీత్ వేళ్ళు మిగిలేవి కావు.

నల్లరికార్డు
'స్ట్రీట్ ఫైటింగ్ మ్యాన్' (1968) సంగతి కూడా చెప్పుకోవాలి. ఆ పాట మూలం స్టూడియోలో పెద్ద కిట్ మీద తీసింది కాదు. కీత్ అకూస్టిక్ గిటార్, చార్లీ చిన్న డ్రమ్స్, రెండింటినీ ఒక ఫిలిప్స్ క్యాసెట్ రికార్డర్‌లోకి ఎక్కించారు. పాపం ఆ చిన్న మైకు తట్టుకోలేక చప్పుడు పగిలింది, ఆ పగుల్నే ఉంచుకుని దాని మీద మిగతా పాట కట్టారు. చార్లీ వాయించింది 1930ల నాటి ప్రాక్టీస్ కిట్. మడిస్తే సూట్‌కేసులో పట్టేస్తుంది, డ్రమ్ములు కంజిర కంటే కొంచెం పెద్దవంతే. పాతసామాన్ల షాపులో కొన్నాడట. ఆ పాట విని ఎవరైనా అది బొమ్మ కిట్ అంటారా?

గోదారిగట్టు గారు బోనమ్ చప్పుడు గురించి చెప్పారు కాబట్టి ఇది గుర్తొచ్చింది. పెద్ద చప్పుడుకి పెద్ద డ్రమ్మే అక్కర్లేదు.

పద్మజ_టెక్సస్
మిల్లర్ వాయించిన ఆ పాట గురించి ఇంకోటి. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ అప్పుడు టీవీలో వచ్చిన పెద్ద కార్యక్రమంలో స్టోన్స్ నలుగురూ ఎవరింట్లో వాళ్ళు కూర్చుని అదే పాట వాయించారు. చార్లీ దగ్గర అప్పుడు డ్రమ్స్ లేవు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ముందున్న సామాన్ల పెట్టెల మీదా, సోఫా చెయ్యి మీదా కర్రలతో కొట్టాడు. 78 ఏళ్ళ మనిషి, ముసిముసిగా నవ్వుతున్నాడు. అప్పుడు అందరూ చూసింది ఆయన్నే.

తిక్కశంకర్
మొహంలో నవ్వు లేదన్న గోదారిగట్టు గారికి ఇది స్క్రీన్‌షాట్ తీసి పంపాలి.

అవునూ, జాగర్‌ని గుద్దిన కథ ఎవరూ చెప్పరేంటి? దానికోసమే కదా ఇంతసేపు కూర్చున్నా.

బెంజిసర్కిల్
గుద్దాడా?? చార్లీనా??

నల్లరికార్డు
1984, ఆమ్‌స్టర్‌డామ్ హోటల్. కీత్ రాసిన ప్రకారం చెప్తున్నా, అందులో మసాలా ఎంతో ఆయనకే తెలియాలి. తెల్లవారుజామున మిక్ తాగి ఉండి చార్లీ గదికి ఫోన్ చేసి 'నా డ్రమ్మర్ ఎక్కడ' అన్నాడు. చార్లీ లేచి, గడ్డం గీసుకుని, సూటు టై వేసుకుని, సెంటు పూసుకుని కిందకి దిగొచ్చి మిక్‌ని ఒక్కటి పీకాడు. ఇంకెప్పుడూ నన్ను నీ డ్రమ్మర్ అనకు, నువ్వే నా సింగర్‌వి అన్న అర్థంలో ఒక మాట అన్నాడు. మిక్ పొగపెట్టిన చేపల పళ్ళెంలో పడి కిటికీ వైపు జారిపోతుంటే కీత్ పట్టుకున్నాడు. పట్టుకున్నది స్నేహం కొద్దీ కూడా కాదు, మిక్ ఒంటి మీదున్నది కీత్ పెళ్ళి కోటు!

జనం దీన్ని పండగలా చెప్పుకుంటారు. చార్లీ మాత్రం అది తాగిన మత్తులో జరిగిందనీ, గొప్పగా చెప్పుకునే పని కాదనీ అన్నాడు. నాకు ఆ మాటే ముఖ్యం. ఎందుకంటే ఆయన జీవితంలో అది చెడ్డ కాలం. అరవైల్లో డెబ్భైల్లో చుట్టూ అందరూ మత్తులో మునిగితే ఈయన దూరంగా ఉన్నాడు. నలభై దాటాక, ఎనభైల మధ్యలో, తాగుడు, హెరాయిన్ రెండూ పట్టుకున్నాయి. 1985 డిసెంబరులో ఇయన్ స్టూవర్ట్ చనిపోయాడు. స్టోన్స్ మొదలైనప్పటి నుంచీ పియానో వాయించిన మనిషి, చార్లీకి ఆప్తుడు. అప్పట్లో తీసిన ఆల్బమ్‌లో కొన్ని పాటల్లో డ్రమ్స్ వేరేవాళ్ళు వాయించారు కూడా.

బయటపడింది ఎలాగంటే, వైన్ సీసా కోసం ఇంటి సెల్లార్‌లోకి దిగుతూ జారిపడి చీలమండ విరగ్గొట్టుకున్నాడు. కొన్ని నెలల్లో లండన్ రానీ స్కాట్స్ క్లబ్బులో తన జాజ్ ప్రోగ్రాం ఉంది. ఇలా అయితే అక్కడ కూర్చోలేనని మానేశాడు. స్టోన్స్ టూర్ కోసం కాదు, గమనించండి. జాజ్ క్లబ్బు కోసం.

పద్మజ_టెక్సస్
భార్య షర్లీ గురించి ఒక్క ముక్కైనా రాయాలి. 1964 అక్టోబరులో పెళ్ళి, అదీ రహస్యంగా. పెళ్ళయిందంటే ఆడపిల్లల అభిమానం పోతుందని ఆ రోజుల్లో మేనేజర్ల భయం. అడిగినవాళ్ళకి మొదట్లో పెళ్ళే కాలేదని చెప్పాడట. ఆయన పోయేదాకా ఇద్దరూ కలిసే ఉన్నారు. రాక్ బ్యాండుల్లో అది మామూలు విషయం కాదు. 1972 టూర్‌లో షికాగోలో ప్లేబాయ్ పత్రిక యజమాని హ్యూ హెఫ్నర్ బంగళాలో బ్యాండుకి బస ఇచ్చారు. మిగతావాళ్ళు ఏం చేశారో మీరే ఊహించుకోండి, చార్లీ మాత్రం ఆటల గదిలో గడిపాడు. డెవన్‌లో షర్లీ అరబ్బీ గుర్రాల ఫారం నడిపింది, పేరున్న ఫారం అది. 1967 నుంచి టూర్లో పడుకున్న ప్రతి హోటల్ మంచం బొమ్మా గీశాడట ఈయన. ఇంటికెళ్ళే రోజు కోసం చూసే మనిషి చేసే పని అనిపిస్తుంది నాకు.

తిక్కశంకర్
కార్లు కూడా ఉండేవి. పాతకాలం ఖరీదైన కార్లు కొన్నాడు, డ్రైవింగ్ మాత్రం రాదు. సూట్లకి లండన్ సావిల్ రోలో దర్జీలు. నా ఫేవరెట్ రాక్ స్టార్ ఈయనే, ఫిక్స్.

గోదారిగట్టు
మంచి మనిషి, మంచి మొగుడు, మంచి సూట్లు. ఒప్పుకున్నా. మళ్ళీ డ్రమ్స్‌కి వద్దామా? మీరెవరూ నా మొదటి ప్రశ్నకి జవాబు చెప్పలేదు. వేరే బ్యాండులో అయితే?

రిమ్‌షాట్ రవి
సరే, నా జవాబు. వేరే బ్యాండులో ఉండుంటే మనకి ఆయన పేరు తెలిసేది కాదేమో. కానీ ఆయన లేకపోతే ఆ బ్యాండు కూడా మనకి తెలిసేది కాదు. రెండూ నిజమే.

'సాటిస్‌ఫాక్షన్' (1965) వినండి. స్నేర్ రెండు, నాలుగు లెక్కల మీద కాదు, నాలుగింటి మీదా పడుతుంది, పాట పొడుగునా. వేరేవాడైతే కోరస్‌కి ఏదో ఒకటి మార్చేవాడు. మారిస్తే ఆ పాటలో ఉన్న చిరాకు పోతుంది. 'పెయింట్ ఇట్ బ్లాక్' (1966) టామ్స్ (గుమ్మని మోగే డ్రమ్ములు) మీద నడుస్తుంది. 1978లో 'మిస్ యూ'లో బేస్ డ్రమ్ నాలుగు లెక్కలకీ, అచ్చం డిస్కో. డిస్కోలకి వెళ్ళి విని తెచ్చుకున్నదే అది. 'స్టార్ట్ మి అప్' (1981) మొదట్లో కీత్ గిటార్ విని మీరు ఒకటి అనుకున్న లెక్క ఒకటి కాదు, చార్లీ దిగాక గానీ తెలీదు. ఇవన్నీ ఒకే మనిషి, దాదాపు అవే నాలుగు డ్రమ్ములు. బోనమ్ ఏ పాటలో ఉన్నా బోనమ్ అని తెలుస్తుంది. చార్లీ ఏ పాటలో ఉంటే ఆ పాట తెలుస్తుంది.

గోదారిగట్టు
ఆఖరి లైను మాత్రం ఎక్కడో రాసి పెట్టుకుని తెచ్చినట్టుంది. 😀

రిమ్‌షాట్ రవి
మధ్యాహ్నం నుంచి దాచిపెట్టుకున్నా గురూ.

ఇందిరానగర్_కిరణ్
లేటుగా వచ్చా. 2003 ఏప్రిల్ 4న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో స్టోన్స్ వాయించినప్పుడు నేనున్నా. ఆ తర్వాత 7న ముంబై బ్రబోర్న్ స్టేడియం. అప్పట్లో బెంగళూరు సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో తెలుగువాళ్ళం గుంపులుగా వెళ్ళాం. నిజం చెప్పాలంటే మాలో సగం మందికి తెలిసినవి నాలుగు పాటలే. జాగర్‌ని చూడ్డానికి వెళ్ళాం. బ్యాండు సభ్యుల్ని పరిచయం చేసినప్పుడు చార్లీ పేరుకి వచ్చిన కేకలు విని మా గుంపులో ఎవరో 'ఈయనెవరు, ఓనరా?' అన్నారు.

తిక్కశంకర్
ఓనరే. పైన ఆమ్‌స్టర్‌డామ్ పోస్టు చదవండి.

బెంజిసర్కిల్
ఆయన ఆర్ట్ చదివాడన్నారు కదా, బ్యాండుకి ఆ పని కూడా చేశాడా?

నల్లరికార్డు
చాలా. 1967లో వచ్చిన 'బిట్వీన్ ది బటన్స్' ఆల్బమ్ వెనక అట్ట మీద కార్టూన్లు ఆయనవే. ఆ పేరు కూడా తమాషాగా వచ్చింది. ఆల్బమ్ పేరేంటని మేనేజర్ ఆండ్రూ ఓల్డమ్‌ని అడిగితే, ఇంకా తేలలేదు అనే అర్థంలో ఆయన ఆ మాట అన్నాడు. చార్లీ అదే పేరనుకుని బొమ్మల్లో రాసేశాడు. అదే ఖాయమైంది. 1970 లైవ్ ఆల్బమ్ ముఖచిత్రం మీద గాడిద పక్కన గాల్లోకి ఎగురుతున్నది కూడా చార్లీయే.

స్టేజీ డిజైన్ల విషయంలో మిక్ ఎక్కువగా కూర్చుని మాట్లాడింది ఈయనతోనే. 1975లో న్యూయార్క్ ఫిఫ్త్ అవెన్యూలో లారీ మీద నిలబడి పాట పాడుతూ టూర్ ప్రకటించారు కదా, ఆ ఐడియా చార్లీది. పాతరోజుల్లో జాజ్ బ్యాండులు బళ్ళ మీద తిరుగుతూ ప్రోగ్రాముల ప్రచారం చేసేవి. తిరిగి తిరిగి మళ్ళీ అక్కడికే. స్టోన్స్ ఖాళీగా ఉన్నప్పుడల్లా ముప్ఫైమందికి పైగా వాయించే పెద్ద జాజ్ ఆర్కెస్ట్రా పెట్టాడు, క్వింటెట్ (ఐదుగురి బ్యాండు) పెట్టాడు, పదిమంది బ్యాండు పెట్టాడు. స్టోన్స్ డబ్బు అలా జాజ్ వాళ్ళ జేబుల్లోకి వెళ్ళింది, నాకదో తృప్తి.

బ్యాండుకి పాతికేళ్ళు నిండినప్పుడు ఎలా ఉందని అడిగితే ఐదేళ్ళు పని, ఇరవై ఏళ్ళు ఊరికే ఎదురుచూడటం అన్నాడు ఈ మనిషి.

గోదారిగట్టు
ఈ మాట నాకు తెలీదు. బాగుంది.

మీ పోస్టులు చదివాక రాత్రి కూర్చుని ఒక పని చేశా. స్టోన్స్ 2019 షోలవీ, ఆయన పోయాక స్టీవ్ జోర్డన్ వాయించినవీ పక్కపక్కన పెట్టుకుని విన్నా. జోర్డన్ గట్టి డ్రమ్మర్, అందులో అనుమానం లేదు. దెబ్బ బలంగా ఉంది, బ్యాండు నిటారుగా కూర్చున్నట్టుంది. నాలాంటివాడికి అదే నచ్చాలి. కానీ 'టంబ్లింగ్ డైస్' పాట దగ్గర మాత్రం ఏదో పోయింది. ముందు అది పడుతూ లేస్తూ వస్తున్నట్టు ఉండేది. ఇప్పుడు నడుచుకుంటూ వస్తోంది.

బోనమ్ మాత్రం నాకు బోనమే. అది మారదు.

మూర్తి (మృదంగం)
మారక్కర్లేదు కూడా. బోనమ్‌ని వినమని మా అబ్బాయికి నేనే చెప్తుంటాను.

పద్మజ_టెక్సస్
జోర్డన్‌ని సూచించింది చార్లీయేనట. నేను లేకుండా ఎప్పుడైనా పనిచేయాల్సి వస్తే నీ మనిషి అతనే అని ఏళ్ళ క్రితమే కీత్‌కి చెప్పాడు. కీత్ 1988 సోలో ఆల్బమ్ జోర్డన్‌తోనే కదా చేసింది.

2004లో గొంతు క్యాన్సర్ వచ్చినప్పుడు రేడియేషన్ తీసుకుని మళ్ళీ తిరిగొచ్చి వాయించాడు. 2021 ఆగస్టు మొదట్లో చికిత్స వల్ల అమెరికా టూర్‌కి రాలేనని ప్రకటన వచ్చినప్పుడు కూడా అలాగే వస్తాడనుకున్నాం. ఆగస్టు 24న లండన్‌లో పోయాడు, 80 ఏళ్ళు. సెప్టెంబరులో సెయింట్ లూయిస్‌లో టూర్ మొదలైనప్పుడు ముందు స్టేజీ మీద ఎవరూ లేరు. తెర మీద ఆయన ఫోటోలు, స్పీకర్లలో ఒట్టి డ్రమ్ బీట్. షర్లీ ఆ తర్వాతి సంవత్సరం డిసెంబరులో పోయింది.

బెంజిసర్కిల్
కొత్తవాణ్ణి, ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి? అరవై ఏళ్ళ ఆల్బమ్‌లు చూస్తేనే టెన్షన్ వస్తోంది.

రిమ్‌షాట్ రవి
1971 నుంచి 72 మధ్య వచ్చినవి రెండు ఆల్బమ్‌లు చాలు, 'స్టికీ ఫింగర్స్', 'ఎగ్జైల్ ఆన్ మెయిన్ స్ట్రీట్'. మొదట పాటలా విను. రెండోసారి స్నేర్ మాత్రమే విను. జాజ్ కావాలంటే 'వాట్స్ ఎట్ స్కాట్స్'.

నల్లరికార్డు
చివరి రికార్డింగులు కావాలంటే 2023లో వచ్చిన 'హ్యాక్నీ డైమండ్స్'లో రెండు పాటల్లో ఉన్నాడు: 'మెస్ ఇట్ అప్', 'లివ్ బై ది స్వోర్డ్'. రెండోదాంట్లో బేస్ వాయించింది పాత బిల్ వైమన్. మిగతా ఆల్బమ్ జోర్డన్.

గోదారిగట్టు
వైమన్ ఉన్నది ముందు వింటా. వెంట్రుకవాసి తేడా వినబడుతుందో లేదో చూసి చెప్తా.

తిక్కశంకర్
ఇయర్‌ఫోన్స్ మంచివి పెట్టుకో గురూ. మొన్న నీ బోనమ్ దెబ్బకి మా పక్కింటి వాళ్ళు తలుపు కొట్టారు.